గేదె బూదెమ్మ ఇచ్చిన ఆది స్కర్టు

చెరుకు తోటకీ కొండకీ మధ్య ఒక పశువుల దొడ్డి. అందులో బూదెమ్మ అనే గేదె. ఆమెకి రోజూ రెండు పనులు. పొద్దున్నే పాలివ్వడం, ఆ తర్వాత పొద్దు వాలేదాకా కోడి పోలమ్మ పిల్లల్ని కనిపెట్టుకుని ఉండడం. పోలమ్మకి ఏడుగురు పిల్లలు. మేతకి వెళ్తూ "అక్కా, పిల్లలు జాగ్రత్త" అనేది. బూదెమ్మ "ఊఁ" అనేది. ఆ ఊఁ ఒక్కటే పోలమ్మకి కొండంత ధైర్యం.

ఆ పిల్లల కోసం నక్క సింగన్న మూడుసార్లు దొడ్లోకి వచ్చాడు. మూడుసార్లూ బూదెమ్మ వెనక కాలి దెబ్బ తిని వెళ్ళాడు. అందుకని నాలుగోసారి మాటలు పట్టుకుని వచ్చాడు.

"వదినా, శుక్రవారం ఆవుగారి పెయ్యకి ఓణీలు వేస్తున్నారటగా! నువ్వేం వేసుకుంటున్నావు?" అన్నాడు, కంచెకి అవతలే నిలబడి.

"కుచ్చుల స్కర్టు కుట్టించుకుందామనుకుంటున్నా."

ఆ దొడ్లో ప్యాంటైనా స్కర్టైనా వెనక కాళ్ళకే. ముందు కాళ్ళకి ఎవరూ ఏమీ తొడుక్కోరు.

సింగన్న మొహం దిగాలుగా పెట్టాడు. "నీకు కుచ్చులా? ఇప్పటికే నీ వెనక భాగం విశాలం. దానికి కుచ్చులు కూడా తోడైతే నువ్వెక్కడ మొదలై ఎక్కడ ముగుస్తావో వచ్చిన చుట్టాలకి తెలియొద్దూ?"

బూదెమ్మ మెడ తిప్పి తన వెనక భాగం చూసుకుంది. సగమే కనిపించింది. ఆ సగమే చాలా ఉంది.

"మరేం చెయ్యమంటావు?"

"జింక జాబిలి వేసుకుంటుందే, ఒంటికి అంటుకున్నట్టు, చీలమండల దాకా సన్నగా! అలాంటిది కుట్టించుకో. సాగే గుడ్డ తీసుకో. కొలతలు మాత్రం ఇవ్వకు. జాబిలి స్కర్టే అడిగి తెచ్చి ఆది ఇయ్యి. ఆది ఎవరిదైతే ఆకారం వాళ్ళదే వస్తుంది."

ఆది అంటే ఏమిటో తెలుసుగా. మనకి సరిగ్గా సరిపోయిన పాత బట్ట ఒకటి దర్జీకిస్తే, అతను దాన్నే కొలిచి కొత్తది కుడతాడు. ఒంటిమీద టేపు పెట్టే పని లేదు. ఇందులో ఉన్న సుఖమంతా ఆ బట్ట మనదే అయినప్పుడే.

ఆ ఊరి దర్జీ గిజిగాడు. తుమ్మకొమ్మ మీద కొట్టు. బూదెమ్మ తెచ్చిన స్కర్టుని అతను కొమ్మ మీద పరిచి చూశాడు. తర్వాత బూదెమ్మని చూశాడు. మళ్ళీ స్కర్టుని చూశాడు.

"ఇది నీ ఆదేనా అక్కా?"

"నాదే."

"ఎప్పటిది?"

"కిందటేటిది. కొంచెం చిక్కి ఉన్నప్పుడు."

గిజిగాడు సూదిలో దారం ఎక్కించాడు.

గురువారం పొద్దున స్కర్టు వచ్చింది. పోలమ్మ ఒక పక్క, ఏడుగురు పిల్లలూ ఇంకో పక్క ముక్కులతో పట్టి లాగితే ఎక్కింది. బూదెమ్మ అడుగు వేసింది. జానెడు పడింది. ఇంకోటి వేసింది. అదీ జానెడే.

అంతలో ఆఖరి పిల్ల చిట్టి కుడితి తొట్టి అంచెక్కి లోపలికి జారిపోయింది. తొట్టి నాలుగంగల దూరం. బూదెమ్మ ఉరకబోయింది, స్కర్టు ఉరకనివ్వలేదు. దబ్బున పక్కకి పడింది. పోలమ్మే ఎగిరి వెళ్ళి పిల్లని మెడ పట్టుకుని పైకి లాగింది.

తడిసిన పిల్లని రెక్క కింద పెట్టుకుని పోలమ్మ ముక్కుతో తుడిచింది. తర్వాత, "అక్కా, రేపంతా నేను వడ్డనలో ఉంటాను. ఈ అందం మా పిల్లలకేమైనా పనికొస్తుందంటావా?" అంది.

బూదెమ్మ ఈసారి ఊఁ అనలేకపోయింది. జానెడు జానెడు అడుగులతో తుమ్మచెట్టు చేరేసరికి మధ్యాహ్నమైంది. దారంతా ఏం చెప్పాలా అని వెతుక్కుంది కానీ, చెప్పడానికి ఒక్క మాటే ఉంది.

"మేస్త్రీ, ఆ ఆది నాది కాదు."

"తెలుసు."

"తెలిసీ కుట్టావా!"

"నీదేనన్నావు. కాదు, నువ్వింకా లావని నేను వాదించాలా? ముందు ఆ కుట్లు విప్పనీ." గిజిగాడు టేపు తీసి ఆమె చుట్టూ రెండుసార్లు ఎగిరాడు. "చూడు, నీకు తుంటి వెడల్పు. దాని పక్కన నడుమే సన్నం. అలాంటి ఒంటికి నడుము దగ్గర ఒదగాలి, తుంటి మీంచి తేలిగ్గా జారాలి, కింద గుడ్డ వెడల్పుగా విచ్చుకునేలా ఘేరా రావాలి. తుంటి మీద కుచ్చులు వద్దు. నువ్వవి అడక్కపోవడం మంచిదే అయింది. అలాగని బిగించనూ కూడదు. ఎక్కడ బిగిస్తే చూసేవాళ్ళ కన్ను అక్కడే ఆగుతుంది. ఇంతకీ ఎవరిచ్చారీ సలహా?"

"సింగన్న."

"ఆయనా ప్యాంటు కుట్టించుకున్నాడులే. చీపురుపుల్లల్లాంటి కాళ్ళు. తిన్నగా, కాస్త వదులుగా కుడితే ముచ్చటగా ఉంటుందన్నా. వినలేదు. ఒక్కో కాలు వడ్ల బస్తా అంత ఉండాలట. చీలమండల దగ్గర బొందు పెట్టాలట. ఎందుకయ్యా అంటే, గాలాడాలన్నాడు."

బూదెమ్మ నెమరు వేసింది. ఆమె ఆలోచన కూడా నెమరులాగే నిదానంగా సాగుతుంది కానీ మధ్యలో ఆగదు.

"గాలాడాలనుకునేవాడు కింద బొందెందుకు బిగిస్తాడు?" అంది.

గిజిగాడి సూది ఆగింది.

"ఒక్కో కాలిలో కోడిపిల్లలు ఎన్ని పడతాయి మేస్త్రీ?"

"మూడు. సర్దితే నాలుగు."

గిజిగాడు గబగబా అదే రంగు గుడ్డ కత్తిరించి, స్కర్టుకి రెండు పక్కలా తుంటి నుంచి కిందిదాకా ముక్కోణపు ముక్కలు వేసి కుట్టాడు. నిలబడితే గుడ్డంతా మడతల్లో ఒదిగి సన్నగా కనిపిస్తుంది. కాలు చాస్తే మాత్రం గొడుగులా విచ్చుకుంటుంది.

శుక్రవారం పందిట్లో విస్తళ్ళు పరిచారు. పోలమ్మకి సంగతంతా చెప్పాకే బూదెమ్మ పిల్లల్ని తీసుకుని గడ్డివాము దగ్గర నిలబడింది. పోలమ్మ పప్పు వడ్డిస్తోంది గానీ కళ్ళు రెండూ వాము మీదే ఉన్నాయి.

సింగన్న కంచె సందులోంచి దూరాడు. ప్యాంటు రెండు బస్తాల్లా ఊగుతోంది.

"వదినా! దూరం నుంచి జాబిలే అనుకున్నాను సుమీ. ఏదీ, నడువు చూద్దాం."

బూదెమ్మ జానెడు అడుగులు రెండు వేసింది.

"ఇంకాస్త తొందరగా?"

"ఇంతకంటే కాలు సాగడం లేదు సింగన్నా."

"సాగక్కర్లేదు, సాగక్కర్లేదు. అందమంటే అదే" అంటూ సింగన్న ఆమెకి వీపు చూపించి పిల్లల వైపు తిరిగాడు. ఒక ముందుకాలితో ప్యాంటు నడుము తెరిచి పట్టుకున్నాడు. రెండో ముందుకాలు చిట్టి మీదికి చాచాడు.

బూదెమ్మ ఒకే ఒక్క అంగ వేసింది. స్కర్టు విచ్చుకుంది. మరుక్షణం వెనక కాలు లేచింది.

సింగన్న కంచె మీదుగా వెళ్ళాడు. పూర్తిగా వెళ్ళలేదు. ప్యాంటు ఎడమ కాలు కంచె రేగుముళ్ళకి చిక్కుకుని, తలకిందులుగా వేలాడాడు. పందిట్లో వాళ్ళంతా విస్తళ్ళు వదిలి వచ్చి చుట్టూ మూగారు. పోలమ్మ ముందు పిల్లల్ని లెక్కపెట్టుకుంది. ఏడుగురూ ఉన్నారు. ఆ తర్వాతే వెళ్ళి సింగన్న ముక్కు మీద ఒక్కటి పొడిచింది.

అతను నడుము బొందు ఊడదీసుకుని, ప్యాంటు ముళ్ళకే వదిలేసి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని చెరుకు తోటలో పడ్డాడు.

వెళ్తున్న ఆ కాళ్ళనే చూస్తూ చుట్టాల్లోని ముసలి మేక ఒకటి అంది: "అవునర్రా, ఇతనికి తిన్నటి ప్యాంటే బాగుండేది."

నీతి: దర్జీకి ఇంకొకరి ఆది ఇస్తే, ఇంకొకరికి సరిపోయే బట్టే వస్తుంది.