కొమ్ముల మధ్య కెమెరా

మార్కాపురంలో ఫోటోలు తీయడం నేర్పే మస్తానయ్య మాస్టారికి ఒక అలవాటుంది. ఏమడిగినా నోటితో జవాబు చెప్పరు. "రేపు నాతో రా" అంటారు. వెళ్ళినచోట జవాబు దొరికితే దొరికినట్టు, లేకపోతే బస్సు చార్జీ దండగ. ఆయన శిష్యులంతా అలా బోలెడు ఊళ్ళు తిరిగినవాళ్ళే.

వకుళ కూడా ఒక ప్రశ్న అడిగింది. పోస్టాఫీసులో పదిహేనేళ్ళు పనిచేసినా జిల్లా దాటి ఎరగని మనిషి. ఈసారి నెల సెలవు పెట్టి కాశీ నుంచి కేదారం దాకా ఒక్కతే తిరిగొస్తానని పంతం పట్టింది. ఇంట్లో అందరితో పోట్లాడి గెలిచింది గానీ, కెమెరా దగ్గర బోల్తా పడింది. చేతిసంచిలో పట్టే చిన్న కెమెరా కావాలి. వెతగ్గా వెతగ్గా రెండు తేలాయి. ఒకదానికి జూమ్ ఎక్కువ, దూరాన ఉన్న కొండని ముంగిట్లోకి లాక్కొస్తుంది. రెండోదానికి జూమ్ లేదు గానీ మసక వెలుతురులోనూ బొమ్మ కడిగిన ముత్యంలా వస్తుంది. వాటి గురించి ఆర్నెల్లు చదివింది, వీడియోలు చూసింది, దారినపోయేవాళ్ళనల్లా అడిగింది. చివరికి తెలిసిన షాపతను విసిగిపోయి, "రెండూ పట్టుకెళ్ళమ్మా, రేపు సాయంత్రానికి ఏదో ఒకటి తిరిగిచ్చెయ్యి" అని దణ్ణం పెట్టాడు.

"మాస్టారూ, ఏది కొనమంటారు?"

"రెండూ తీసుకుని రా. శిఖరం దాకా పోయొద్దాం."

శ్రీశైలం ఇంకా కాస్త దూరం ఉందనగా కొండ మీద శిఖరేశ్వరం. అక్కడొక రాతి నంది ఉంటుంది. దాని మీద నువ్వులు చల్లి, కొమ్ముల మధ్య నుంచి దూరాన ఉన్న మల్లన్న గుడి శిఖరాన్ని చూడాలి. చూసినవాళ్ళకి మళ్ళీ పుట్టుక లేదంటారు. బస్సు అక్కడ అరగంట ఆగింది.

వకుళకి శిఖరమూ పట్టలేదు, నందీ పట్టలేదు. పొద్దున బస్సు కిటికీలోంచి మొదలుపెట్టిన పనే ఇంకా సాగుతోంది. దీంతో ఒక ఫోటో, అదే కొండని దాంతో ఇంకొకటి. రెండూ పక్కపక్కన పెట్టి చూడడం, పెదవి విరవడం, మళ్ళీ తీయడం. మాస్టారు మెట్ల మీద కూర్చుని తాపీగా వేరుశనక్కాయలు వలుచుకుంటున్నారు.

"కనపడ్లా! నేను కదల్ను!" అని ఒక్క కేక వినపడింది.

నంది దగ్గర ఒక ముసలమ్మ. పేరు తిరుపతమ్మ, గిద్దలూరు పక్క పల్లె, వీళ్ళతోపాటే అదే బస్సులో వచ్చింది. శిఖరం చూడ్డానికి రావడం ఇది మూడోసారట. మొదటిసారి మంచు, రెండోసారి జడివాన. ఈసారి ఆకాశం నిర్మలంగా ఉంది, ఆమె కళ్ళే పోయాయి. శుక్లాలు. దగ్గరివి ఎలాగో ఆనుతాయి, దూరానివి పాలల్లో ముంచినట్టు తెల్లగా ఉంటాయి. వెనక వరుసలో జనం గొణుగుతున్నారు, డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ఆమె మాత్రం నంది కొమ్ములు రెండూ పట్టుకుని వంగినది వంగినట్టే ఉంది.

"చూడకుండా ఈ కొండ దిగితే ఒట్టు! బస్సు పోతే పోనీ!"

వకుళ మనసు చివుక్కుమంది. ఒక్క అంగలో వెళ్ళి, జూమ్ కెమెరాతో శిఖరాన్ని ఫోటో తీసి చూపించబోయింది.

"తీసింది నాకెందుకు తల్లీ? పటాలు మా ఇంటి గోడకీ ఉండాయి. ఇప్పుడు ఆడ ఉండేది చూపీ."

సరే, ఉన్నది ఉన్నట్టుగానే చూపిద్దామని జూమ్ చివరిదాకా లాగింది. అంత దూరానికి చేతి వణుకు కొండంత అయింది. శిఖరం తెరమీద ఒక్కచోట నిలవక చేపపిల్లలా జారిపోతోంది. పైగా బ్యాటరీ గుర్తు ఎర్రగా కొట్టుకుంటోంది. పొద్దుటి నుంచి తీసిన ఫోటోలు రెండొందలకు పైమాటే మరి! వకుళకి ఏడుపొచ్చినంత పనయింది.

"చెయ్యి నిలవడం లేదు అవ్వా."

"నందయ్య నెత్తిన పెట్టు. శివయ్యనే మోసినోడు, నీ డబ్బాని మొయ్యడా?"

రెండు కొమ్ముల మధ్య కెమెరా ఆనించింది. శిఖరం నిలిచింది. కానీ ఎండ తెరమీద పడి బొమ్మ ఆనడం లేదు. వకుళ కొంగు లాగి ఇద్దరి తలలమీదా కప్పేసింది.

వరుసలో ఒకాయన నవ్వాడు. "డబ్బాలో చూస్తే లెక్కలోకి రాదు పెద్దమ్మా."

"నువ్వు ముందు ఆ కళ్ళజోడు తీసి చూడు నాయనా, నీదెంత లెక్కలోకి వస్తాదో!" అని కొంగు లోపలి నుంచే జవాబొచ్చింది. జనం గొల్లుమన్నారు.

ముసలమ్మ అరచేతిలో పట్టే ఆ తెరకి ముక్కు ఆనించేటంత దగ్గరగా వంగింది. వకుళ ఊపిరి బిగబట్టి, వేలు కూడా కదపకుండా నిలబడింది. ఫోటో తీయాలన్న సంగతే ఆమెకి గుర్తు రాలేదు.

"జెండా ఊగుతాంది తల్లీ," అంది తిరుపతమ్మ. "కలశం పక్కన... గాలికి ఊగుతాంది!"

వకుళ మణికట్టు మీద వెచ్చగా కన్నీటిబొట్టు పడింది. ఇంకో రెండు క్షణాలకి కెమెరా కుయ్యిమని ఆరిపోయింది.

"చాల్లే, చూసినా," అని ముసలమ్మ కొంగు తప్పించుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచి వెళ్ళి బస్సెక్కింది.

వకుళ కళ్ళు తుడుచుకుంటూ మెట్ల దగ్గరికి వచ్చింది. "తెలిసిపోయింది మాస్టారూ. జూమ్ ఉన్నదే కొంటాను."

మాస్టారు ఒళ్ళోని పొట్టు దులుపుకుని లేచారు.

"ఆమెకి కెమెరా లేదు, చూడవలసింది ఉంది," అన్నారు. "నీ దగ్గర కెమెరాలు రెండున్నాయి."