బంటీ ఏమీ చెయ్యడండీ

ఇటు తిరిగి పడుకో బంగారం. దుప్పటి గుంజకు, నాక్కూడా కాస్త ఉంచు. ఆఁ, చెప్తున్నా, ఊఁ కొట్టు.

అనగనగా అనేంత పాత సంగతేం కాదు ఇది. పంటకాలువ పక్కన ఒక ఊళ్ళో, వంతెన దిగగానే ఒక సరుకుల కొట్టు ఉండేది. మావుళ్ళయ్యసెట్టిగారి కొట్టు. మొదట్లో చెక్క బల్ల, తక్కెడ, నాలుగు బస్తాలు, అంతే. ఆ తర్వాత సెట్టిగారు దాన్ని సూపర్ మార్కెట్ చేశారు. అద్దాల తలుపులు వచ్చాయి. ఏసీ వచ్చింది. నున్నటి పాలరాళ్ళు వచ్చాయి. పప్పులూ, బియ్యం, బెల్లం మాత్రం పాత పద్ధతిలోనే విడిగా పోసి పెట్టేవారు. కావలసినంత తూచి ఇచ్చేవారు.

ఆ తూచే మనిషి పేరు నూకరత్నం. కొట్టువాళ్ళిచ్చిన నీలం కోటు చీర మీద వేసుకుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉండేది. అందరితోనూ నవ్వుతూ మాట్లాడేది. ఆవిడకి లోకంలో ఒక్కటే భయం. కుక్క.

చిన్నప్పుడు ఆవిణ్ణి పిచ్చికుక్క కరిచిందమ్మా. ఆ రోజుల్లో బొడ్డు చుట్టూ సూదులు పొడిచేవారు. ఇద్దరు పట్టుకుంటే ఒకరు పొడవడం. అప్పణ్ణుంచీ వీధిలో కుక్క ఎదురైతే రత్నం సందు మారిపోయేది.

అలా ఉండగా ఒక రోజు ఆ కొట్టుకి రైసుమిల్లు వాళ్ళ హైమావతిగారు వచ్చారు. ఊళ్ళో వాళ్ళదే పెద్ద మేడ. ఆవిడ ఒక్కర్తే రాలేదు. ఆవిడ ముందు ఒక కుక్క వచ్చింది. నల్లగా, నిగనిగలాడుతూ, దూడంత ఉంది. దాని పేరు బంటీ.

గుమ్మం దగ్గర కాపలా సింహాచలం లేచి నిలబడి తలుపు తీశాడు. ఎవరికి? ముందు కుక్కకి, ఆ తర్వాత మనిషికి!

బంటీ తిన్నగా పప్పుల దగ్గరికి వచ్చింది. రత్నం చేతిలో గరిటె పట్టుకుని గోడకి అతుక్కుపోయింది.

"అమ్మా, కుక్కండీ..." అంది.

"కుక్క అనకు. మా బంటీ. వాడు ఏమీ చెయ్యడండీ," అన్నారు హైమావతిగారు, ఫోను చూసుకుంటూ.

ఏమీ చెయ్యడట! అప్పుడే బంటీ ఏం చేసిందనుకున్నావు? పళ్ళెంలో పెట్టిన బెల్లం దిమ్మని, ఇంత నాలిక చాపి, ఈ చివర నుంచి ఆ చివర దాకా నాకేసింది.

నవ్వకు. నవ్వే సంగతి కాదు.

రత్నం పరుగున వెళ్ళి సెట్టిగారితో చెప్పింది. సెట్టిగారు వచ్చారు. బెల్లం చూశారు. హైమావతిగారిని చూశారు. ఆవిడ నింపుతున్న బుట్ట చూశారు. అప్పుడు ఆ పెద్దమనిషి చేసిన పని చెప్తే నీకు నమ్మబుద్ధి కాదు. దిమ్మని రెండు చేతులా పట్టుకుని తిరగేశారు. నాకిన వైపు కిందికి, నాకని వైపు పైకి!

"పెద్ద గిరాకీ రత్నం. చూసీ చూడనట్టు పోవాలి," అన్నారు గొంతు తగ్గించి.

కాసేపటికి ఎవరో ఇల్లాలు వచ్చింది. శుక్రవారం అమ్మవారికి పరమాన్నం వండాలి, బెల్లం ఇమ్మంది. రత్నం ఆ దిమ్మ ముట్టుకోలేదు. లోపలికి వెళ్ళి, కొత్త బస్తా విప్పి ఇచ్చింది. సెట్టిగారు గుడ్లురిమినా సరే.

చెప్తూంటేనే ఒళ్ళు మండుతోంది నాకు. మంచినీళ్ళందుకో, ఓ గుక్క తాగి చెప్తా.

ఆ తర్వాత ఓ వారం పోయాక హైమావతిగారు మళ్ళీ వచ్చారు. బంటీ మళ్ళీ వచ్చింది. ఈసారి నడిచి కాదు. సామాను పెట్టుకునే చక్రాల బండి ఉంటుందే, దాంట్లో కూర్చోబెట్టి తోసుకుంటూ వచ్చారు. మనం కూరగాయలు పెట్టుకునే బండేనమ్మా అది! నిన్ను కూర్చోబెట్టుకునే బండి!

సరిగ్గా అదే వేళకి చేపలమ్మే కాసులమ్మ వచ్చింది. ఎండన పడి ఊరంతా తిరిగి, చింతపండూ, ఎండుమిరపకాయలూ కొనుక్కుందామని వచ్చింది. సింహాచలం చెయ్యి అడ్డం పెట్టాడు.

"గంప బయటెట్టు. బోర్డు చదవలేదా? సంచులూ, గంపలూ లోపలికి తేకూడదు."

"మూతేసుందిరా నాయనా. ఓ మూల పెట్టుకుంటాను. బయటుంటే కాకులు ఎత్తుకుపోతాయి," అంది కాసులమ్మ.

"కుదరదంటే కుదరదు. వాసనొస్తది."

పాపం, ఏం చేస్తుంది? గంప మెట్ల మీద పెట్టి, పైన గుడ్డ కప్పి లోపలికి వచ్చింది. వచ్చి చూస్తే, చల్లగా ఏసీ కింద, బండిలో కుక్క! దర్జాగా మూతి చాపుకుని! కాసులమ్మ కుక్కని చూసింది, అద్దంలోంచి తన గంపని చూసింది. "మా బాగుందే నాయం," అని మాత్రం అంది.

అప్పుడు బంటీ బండిలోంచి దూకింది. బియ్యం బస్తాల దగ్గరికి వెళ్ళింది. ఒక బస్తా వాసన చూసింది, ఇంకో బస్తా వాసన చూసింది, మూడో బస్తా దగ్గర కాలెత్తింది.

అవునమ్మా. బియ్యం మీదే!

"అయ్యయ్యో, మావాడికి ఏసీ పడదు. ఎవరైనా కాస్త తుడిచెయ్యండి," అన్నారు హైమావతిగారు. ఆ బియ్యం ఖరీదిస్తానని పర్సు కూడా తియ్యలేదు. తుడిచింది ఎవరు? రత్నమే. కుక్క పక్కనే తిరుగుతూంటే, ఒక కన్ను దాని మీదే వేసి, వంగి తుడిచింది.

కాసులమ్మ బయటికి వెళ్ళేసరికి ఏముంది? గుడ్డ ఓ పక్క, గంప ఓ పక్క. కాకులు చేపలన్నీ పీకి పోగులు పెట్టాయి. ఆ పక్కనే సింహాచలం, హైమావతిగారి సంచులు కారులో పెడుతున్నాడు. కాసులమ్మ మెట్ల మీద కూలబడి, ఆ ముక్కలు ఏరుకుంటూ, పైకే తిట్టింది. ఎవర్ని తిట్టిందో నేను చెప్పను గానీ, తిట్టడం మాత్రం న్యాయమే.

మనిషి గంపకి లేని దారి కుక్కకెలా వచ్చిందో చెప్పు?

రత్నం ఆ సాయంత్రం మళ్ళీ చెప్పింది. "సెట్టిగారూ, కుక్కని రానివ్వకండి. పిల్లలొస్తారు, ముసలివాళ్ళొస్తారు. ఏదో ఒక రోజు ఏదో ఒకటవుతుంది."

"అంత పెద్దింటావిడతో నువ్వు బయట నిలబడమ్మా అని ఎలా అనను? నీకు భయం గనక అలా అంటున్నావు," అని కొట్టిపారేశారు సెట్టిగారు.

ఆ తర్వాత దీపావళి వచ్చింది. పండగ ముందు రోజు. కొట్టు నిండా జనం. ప్రమిదలు కొనేవాళ్ళు, నూనె కొనేవాళ్ళు, మైదా కొనేవాళ్ళు. కాసులమ్మ కూడా వచ్చింది, మనవరాలు లోవని చంకనేసుకుని. లోవ అంటే నీకన్నా చిన్నది. కొట్లోకి రాగానే దిగి, అద్దాల తలుపు దగ్గర నిలబడి, అద్దం మీద ఊదుతూ, వేలితో బొమ్మలు గీసుకుంటోంది.

అంత జనంలోకి, చూడు, హైమావతిగారు మళ్ళీ బంటీని తీసుకొచ్చారు! పండగ సందళ్ళో, టపాకాయల ఊళ్ళో, కుక్కని ఎవరైనా బజారుకి తెస్తారా? ఒకరి కాలు దాని తోక మీద పడింది. ఇంకొకరి సంచి దాని మూతికి తగిలింది. అది చెవులు వెనక్కి పెట్టి, తోక ముడిచి, ఆవిడ కాళ్ళ వెనక దూరుతోంది. అది భయమమ్మా. ఎవరు చూసినా తెలుస్తుంది. పెంచిన ఆవిడకి మాత్రం తెలియలేదు.

"కాస్త బయట కట్టెయ్యండమ్మా," అని ఎవరో అన్నారు.

"మా బంటీ ఏమీ చెయ్యడండీ!" అన్నారావిడ.

అప్పుడు వీధిలో ఎవరో బాంబు పేల్చారు. ఢామ్మని అద్దాలు అదిరాయి.

బంటీ ఒక్క గుంజు గుంజింది. గొలుసు ఆవిడ చేతిలోంచి జారిపోయింది. నున్నటి రాళ్ళ మీద గోళ్ళు పట్టక జారుతూ, పడుతూ, లేస్తూ, బయటికి పారిపోదామని తిన్నగా అద్దాల తలుపు మీదికి ఉరికింది. తలుపు మూసి ఉంది. తలుపుకీ దానికీ మధ్యన లోవ ఉంది.

దారి లేదు దానికి. పళ్ళు బయటపెట్టింది. లోవ కెవ్వుమంది.

అంతమంది ఉన్నారా కొట్లో? అందరూ అలా చూస్తూ ఉండిపోయారు. కదిలింది ఒక్కర్తే. ఎవరనుకున్నావు?

ఆఁ. రత్నమే. కుక్క కనపడితే సందు మారే రత్నం. ఒక్క ఉరుకున వచ్చి, పిల్లని వెనక్కి తోసి, తన చెయ్యి అడ్డం పెట్టింది. బంటీ ఆ చెయ్యి పట్టేసింది.

ఒక్క క్షణమే. కరిచి వదిలేసి, అది బల్ల కిందికి దూరి గజగజ వణికిపోయింది. రత్నం చేతి నుంచి రక్తం ధారగా కారుతోంది. కాసులమ్మ పిల్లని ఎత్తుకుని గుండెకి హత్తుకుంది. పిల్లకి చిన్న గీత కూడా పడలేదు.

అప్పుడు హైమావతిగారు ఏమన్నారో తెలుసా? అయ్యో అన్నారా? చెయ్యి పట్టుకున్నారా? అబ్బే.

"నువ్వు మీదికి రాబట్టే అది బెదిరింది. మా బంటీ ఎప్పుడూ ఎవర్నీ కరవలేదు!" అన్నారు.

"దానికి సూదులు వేయించారా అమ్మా?" అని అడిగింది రత్నం.

"వేయించాం... పోయినేడో, అంతకు ముందో," అని నీళ్ళు నమిలారావిడ.

సెట్టిగారైనా ఏమన్నా అన్నారా? "వెనక్కెళ్ళి కట్టు కట్టుకో రత్నం. పండగ గిరాకీ, గొడవ చెయ్యకు," అన్నారు.

అప్పుడు రత్నం తలెత్తింది. అంతకాలం మెత్తగా మాట్లాడిన మనిషి, కొట్టంతా వినపడేలా అంది.

"గొడవ నేను చేస్తున్నానా? కుక్క బెల్లం నాకితే తిరగేసి పెట్టారు. బియ్యం మీద ఒంటికి పోస్తే నాచేత తుడిపించారు. ఇవాళ పసిపిల్ల మొహం పోయేది. ఆ మొహాన్ని కూడా అటు తిప్పి పడుకోబెట్టేవారా సెట్టిగారూ? దానికి నోరు లేదు, అది భయపడింది. మీకు నోరుంది. మీ ఇద్దరికీ నోరుంది. ఒక్కరూ వద్దు అనలేదు!"

అని, నీలం కోటు విప్పి తక్కెడ మీద పడేసింది. కుళాయి దగ్గరికి వెళ్ళి, సబ్బు రాసి, ధారకింద చెయ్యి చాలాసేపు కడుక్కుంది. కుక్క కరిస్తే ముందు చెయ్యాల్సింది అదేనమ్మా, గుర్తుపెట్టుకో. పసుపులూ సున్నాలూ కాదు. ఆ తర్వాత తిన్నగా ఆసుపత్రికి బయల్దేరింది.

కాసులమ్మ తన బుట్ట ధన్‌మని నేల మీద పెట్టింది. "ఈ కొట్లో నాకు ఉప్పురాయి కూడా వద్దు," అని రత్నం వెనకాలే నడిచింది. ఆ తర్వాత ప్రమిదలు కొంటున్నావిడ బుట్ట దించింది. ఆ తర్వాత నూనె కొంటున్నాయన దించాడు. ఆ తర్వాత అందరూనూ. ఎక్కడి బుట్టలక్కడే. పండగ ముందు రోజు, దీపాలన్నీ వెలుగుతూ ఉంటే, కొట్టు ఖాళీ అయిపోయింది. సెట్టిగారూ, హైమావతిగారూ మిగిలారు. బల్ల కింద బంటీ రొప్పుతున్న చప్పుడొక్కటే వినిపిస్తోంది.

సెట్టిగారికి ఆ చప్పుడు వింటూ నిలబడ్డాక గానీ బుద్ధి రాలేదు. వచ్చిందిలే, ఎలాగో ఒకలాగ. ఆయనే ఆసుపత్రికి పరుగెత్తారు. అక్కడ బల్ల మీద రత్నం, పక్కన కాసులమ్మ, ఆవిడ ఒళ్ళో లోవ.

"తప్పయింది రత్నం. ఏం కావాలో అడుగు. చీర పెడతాను, సారె పెడతాను. పన్లోకి రా," అన్నారు.

"నాకు చీరొద్దండి. కుక్కల్ని బయట ఆపుతారా, లేదా?"

"హైమావతిగారు మానేస్తారేమో..."

"అయితే ఆవిడ కోసమే కొట్టు నడుపుకోండి," అని రత్నం మొహం తిప్పేసుకుంది.

"ఆపుతాను. నేనే ఆపుతాను," అన్నారు సెట్టిగారు.

మాట నిలబెట్టుకున్నారు, ఆ మాట ఒప్పుకోవాలి. తలుపు మీద 'కుక్కలను లోపలికి తీసుకురారాదు' అని పెద్దక్షరాలతో రాయించారు. సంచుల బోర్డు పీకించేశారు. రత్నం సూదులన్నీ పూర్తయ్యి, చెయ్యి మానాక, మళ్ళీ పన్లోకి వచ్చింది. ఈసారి సూదులు బొడ్డు చుట్టూ కాదు, భుజానికే. "దీనికా ఇన్నేళ్ళు హడిలిపోయాను," అని నవ్విందిట.

మరి హైమావతిగారా? కొన్నాళ్ళు మొహం చూపించలేదు. ఆ తర్వాత ఒక మిట్టమధ్యాహ్నం కారు దిగారు. చేతిలో గొలుసు, గొలుసు చివర బంటీ. సింహాచలం తలుపు తియ్యలేదు. సెట్టిగారు గల్లా దగ్గర్నుంచి లేచారు. ఆయన నోరు విప్పేలోగా రత్నం బయటికి వెళ్ళింది.

"ఒక్క నిమిషమే. ఎండగా ఉంది కదా," అన్నారు హైమావతిగారు.

"ఎండగానే ఉందమ్మా. దాని కాళ్ళు కాలుతున్నాయి, చూడండి. ఇంటి దగ్గర చెట్టు కింద పడుకోనివ్వండి. మీరు రండి, మీకు కావలసినవన్నీ నేనే తూచి పెడతాను."

హైమావతిగారు రత్నం చేతి మీది మచ్చ చూశారు. చాలాసేపు చూశారు. క్షమించమని మాత్రం అనలేదు. కొందరికి ఆ మాట గొంతు దాటదు, ఏం చేస్తాం! కారెక్కి వెళ్ళిపోయారు.

ఇంక రారనుకున్నారు అందరూ. కానీ కాసేపటికి మళ్ళీ వచ్చారు, ఒక్కరే. కాసులమ్మ గంప పక్కన పెట్టుకుని వరసలో నిలబడి ఉంది. హైమావతిగారు ఆవిడ వెనకాల నిలబడ్డారు. తన వంతు వచ్చేదాకా, చేతులు కట్టుకుని, అలాగే నిలబడ్డారు.

ఏంటీ? బంటీ చెడ్డదా అంటావా? కాదమ్మా. దాన్ని బెల్లం దగ్గరికీ, బాంబుల దగ్గరికీ ఈడ్చుకొచ్చిందెవరు? అది ఇప్పుడు వాళ్ళ పెరట్లో జామచెట్టు కింద, నాలుగు కాళ్ళూ బారజాపి, హాయిగా నిద్రపోతోందిట. నువ్వూ పడుకో మరి.

కథ పోయె కంచిదారి,
కుక్క పోయె పెరటిదారి,
కునుకు వచ్చె కంటిదారి,
నా చిట్టితల్లి నిద్దరదారి!