సున్నం లేని తాంబూలం

అనగా అనగా, ఉప్పుటేటి మీద వంతెన కడతారని ఎవరూ కలలోనైనా అనుకోని కాలంలో, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక పేట ఉండేది. పేటలో దేశమ్మ అనే ముసలిది ఉండేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఆమెకు ఉన్నదల్లా ఒక గుడిసె, ఒక నోరు. ఆ నోట్లో ఎప్పుడూ ఆకూ వక్కా సున్నం ఆడుతూనే ఉండేవి.

రేవులో దిగే ఓడవాళ్ళకి అన్నం పెట్టే పూటకూళ్ళ ఇల్లు వరాలమ్మది. అక్కడ అంట్లు తోమేది దేశమ్మ. వరాలమ్మ వండిన ఆల్చిప్పల ఇగురు తింటే కళాసీలు ఓడెక్కడం మరిచిపోయేవారట. అంత కాకపోయినా, బాగానే ఉండేదని మనం ఒప్పుకుందాం. తిన్నాక మిగిలిన చిప్పలన్నీ గైరయ్య బట్టీకి వెళ్ళేవి. అక్కడ కాలి సున్నమయ్యేవి. సున్నం గోడలకు వెళ్ళేది, తాంబూలంలోకి వెళ్ళేది. తాతలనాటి నుంచీ అదే వరస.

మొగలో ఒకప్పుడు పెద్ద చిప్పల దిబ్బ ఉండేది. బతికున్న ఆల్చిప్పలు ఒకదాన్నొకటి కరుచుకుని గోడ కట్టినట్టుండేవి. అల అక్కడికొచ్చి విరిగేది. తినీ తినీ, కాల్చీ కాల్చీ, ఆ దిబ్బ కాస్తా అరిగిపోయింది. ఒక ఏడు అల వచ్చి కొబ్బరిచెట్లు పట్టుకుపోయింది. మరో ఏడు వలలు ఆరేసుకునే ఇసుక పట్టుకుపోయింది. మూడో ఏడు దేశమ్మ గుడిసె వెనక గట్టు పట్టుకుపోయింది. ఇక పేట వదిలి పోవలసిందేనన్నారు పెద్దలు. మొగుణ్ణి పూడ్చిన చోటు వదిలి దేశమ్మ ఎక్కడికి పోతుంది?

ఒకనాడు ఏటి ఒడ్డున అంట్లు తోముతుంటే పాత చిప్ప ఒకటి చేతికి తగిలింది. తీసి చూస్తే దాని వీపు మీద బియ్యపు గింజలంత పిల్ల చిప్పలు అంటుకుని ఉన్నాయి. చుట్టూ బురదంతా దేవింది. ఇంకెక్కడా ఒక్క పిల్ల కూడా లేదు. అప్పుడు తెలిసిందామెకి. పిల్లలకి పాత చిప్పే ఇల్లు. ఆ ఇళ్ళనే ఇన్నాళ్ళూ బట్టీలో పెట్టి కాల్చుకున్నారు.

వెంటనే వరాలమ్మ దగ్గరికి వెళ్ళింది. "అమ్మా, మనింటి సిప్పలు నాకియ్యండి. ఏట్లో ఏస్తాను."

"ఏట్లోంచి తెచ్చినవి మళ్ళీ ఏట్లోకేనా?" అని వరాలమ్మ నవ్వింది. "సరే, పట్టుకుపో. గైరయ్యకి మాత్రం నువ్వే సెప్పుకో."

గైరయ్య ఊరుకుంటాడా? "అప్పా, బట్టీ సల్లారిపోతే నా పిల్లలేటి తింతారు? అయినా పొద్దల్లా నువ్వు నమిలీది నా సున్నమే గదా."

దేశమ్మ నోట్లోని ఆకు ఉమ్మేసింది. బొడ్లో ఉన్న సున్నపు కాయ తీసి అతని చేతిలో పెట్టింది. "ఈయేల్నుంచి నాకొద్దు. పొలాల్లో నత్తగుల్లలు బోలెడున్నాయి, అయి కాల్సుకో నాయినా" అంది. ఆ రోజు నుంచి ఆమె నోరు ఎర్రగా పండలేదు. సున్నం మీద ఎంత యావ ఉండేదో ఆమెకే తెలుసు.

మొదట గంపెడు చిప్పలు మొగలో పోసింది. పోటు వచ్చి చిందరవందర చేసింది. పేటంతా నవ్వింది. రెండోసారి కుప్పగా పోసింది. బురద మింగేసింది. పేట మళ్ళీ నవ్వింది, "ఆకరికి నీ సేతిలో సిప్పే మిగులుద్ది" అని. మూడోసారి ఇల్లిల్లూ తిరిగి చిరిగిన వలలు అడుక్కుంది. చిప్పలు ఎండబెట్టి, వలల్లో మూటలు కట్టి, తాటిమొద్దులు పాతి వాటికి కట్టింది. పోటు వచ్చింది, పోయింది. మూటలు కదల్లేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

వానలు వెలిశాక మూటల నిండా పిల్లలు పట్టాయి. అది చూసి గైరయ్యే ఒక గంపెడు చిప్పలు నెత్తిన పెట్టుకొచ్చాడు. మూట కట్టడానికి కూర్చున్నాడు. తరవాత పేటంతా వచ్చింది. ఏడాదికేడాది దిబ్బ లేచింది. అల మళ్ళీ అక్కడే విరగసాగింది. పేట వదిలే మాట ఎవరూ ఎత్తలేదు.

దేశమ్మ అదంతా కళ్ళారా చూసింది. ఒక సాయంత్రం వరాలమ్మ చేతి ఇగురు కడుపునిండా తిని, తన గుడిసెలోనే పడుకుంది. ఇక లేవలేదు. ఆమె కోరుకున్నదీ అదే.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక తాంబూలం పళ్ళెం వచ్చింది. గైరయ్య సున్నపు పిడత మూత తీశాడు. కాసేపు దానికేసి చూసి మళ్ళీ మూత పెట్టేశాడు. "అప్ప ఇన్నేళ్ళు సున్నం లేకుండా నమిలింది. ఈ ఒక్క పూట మనం నమల్లేమా?" అన్నాడు. అందరూ ఉత్త ఆకూ వక్కా నమిలారు. చప్పగా ఉంది. అయినా ఎవరూ ఉమ్మలేదు.

ఆ ఒక్క పూటే ఆనవాయితీ అయింది. ఇప్పటికీ ఆ పేటలో ఎవరింట భోజనాలైనా చిప్పలు ఎండబెట్టి మొగలోకి చేరుస్తారు. తాంబూలంలో ఆకు ఉంటుంది, వక్క ఉంటుంది, సున్నం ఉండదు. కొత్త అల్లుడు ఎవరైనా తెలియక సున్నమేదని అడిగితే, అతని చెయ్యి పట్టుకుని గట్టు మీదికి తీసుకెళ్ళి, అలలు విరిగే చోటు చూపించి, "అదిగో, ఆ దిబ్బకని దేశమ్మ అడిగి పుచ్చుకుంది బాబూ" అంటారు.