ఏకాదశి పల్లకీ

చెప్పండి, ఆ ఏకాదశినాడు కోట గుమ్మంలో మీరేం చూశారు? పల్లకీ నేల మీదే ఉండిపోవడం చూశారా, లేదా?

లోపలున్నది గుడికి బయల్దేరిన జగ్గరాయుడు దొర. ప్రతి ఏకాదశికీ దోసిట్లో నీళ్లు పట్టి, ఇక తిండి తగ్గిస్తానని సంకల్పం చెప్పుకుంటాడు. అన్నం ముట్టడు. ఆ లోటు తీర్చడానికి గారెలు, మినపరొట్టె, గిన్నెడు పాయసం! పల్లకీ ఏటికేడు బరువెక్కింది, బోయీల భుజాలు పుండ్లు పడ్డాయి. అంతకు ముందురోజే ముసలి బోయీ పోలయ్య తూలితే, దొర "సోమరీ, మళ్లీ తూలావా, పనిలోంచి తీసేస్తా" అన్నాడు.

"ఏరా, ఎత్తరేం?" అని ఆ ఏకాదశినాడు పల్లకీలోంచి కేకేశాడు దొర.

పోలయ్య దోసిట్లో నీళ్లు పట్టుకుని నిలబడ్డాడు. "ఎత్తుతామని సంకల్పం చెప్పుకున్నాం దొరా."

"చెప్పుకుంటే పల్లకీ లేస్తుందట్రా?"

"లేవదా దొరా? తమరు చెప్పుకుంటే ఒళ్లు తగ్గుతుంది గదా అని..."

జనం నవ్వలేదు. నవ్వినా బాగుండేది. దొర చూపు పోలయ్య భుజం మీది పుండు దగ్గర ఆగిపోయింది. పెదవికంటిన నెయ్యి తుడుచుకున్నాడు. తలెత్తలేక పల్లకీ దిగాడు.

"రేపు కూడా పనికి రా, పోలయ్యా" అని గొణిగి, గుడికి నడిచి వెళ్లాడు.

మీరు నవ్వుతున్నారా? పొద్దున మీరు చెప్పుకున్న సంకల్పాన్ని ఎవరి భుజాలు మోస్తున్నాయి?