నీకెవరు బావి

పల్నాటి నాపరాళ్ళ నేలలో బస్సు దిగి, సున్నపు బట్టీల మీదుగా అరమైలు నడిస్తే నీకెవరు బావి వస్తుంది. యాత్రికులు మొదట పేరు బోర్డు కోసం వెతుకుతారు. అది లేదు. గట్టు పక్కన నిలువెత్తు నాపరాయి ఒకటి ఉంది. దాని మీద ఒక్క అక్షరం లేదు. చేంతాడు ఇప్పుడు నైలానుది. వెనకటి కొబ్బరి పీచు తాడు అరచేతులు కోసినా నీళ్ళకు రుచి తెచ్చేదని పెద్దల వాదం. ఆ చర్చ వేరు.

పూర్వం ఇక్కడ మూడేళ్ళు వరుసగా వాన చినుకు లేదు. రాళ్ళు కొట్టి బతికే ఎలీసమ్మ అనే వితంతువు ఒక మధ్యాహ్నం బండ నీడన కునుకు తీసింది. కలలో ఒక మనిషి వచ్చాడు. ఎండలో ముఖం ఆనలేదు. "దాహంగా ఉందమ్మా" అని, కాలి కింది బండ చూపించాడు. మేలుకున్న ఎలీసమ్మ అక్కడే గునపం దింపింది. బండలో నీళ్ళేమిటని తోటివాళ్ళు నవ్వారు. నలభయ్యో రోజున జల పడింది. "వచ్చింది నా యేసయ్యే" అన్నది ఆమె. ఆ మాటతో నీళ్ళకంటే వేగంగా తగవు ఊరింది.

కథోలిక గురువు శౌరయ్యగారు బావి పక్కన యేసు ప్రతిమ, వారి మాటలో స్వరూపం, నిలపాలన్నారు. బాప్టిస్టు పాస్టరు దానియేలుగారు స్వరూపాలు కూడవు, బైబిలు వాక్యం చెక్కాలన్నారు. మస్తాన్ సాహెబు, "ఈసా నబీ మాకూ పెద్దవారే. కానీ ఆయన ప్రవక్త. దేవుని కొడుకు కాదు, సిలువ మీద చావనూ లేదు" అన్నారు. కరణం సుబ్బరామయ్యగారు సర్దిచెప్పబోయి, "ఎందుకండీ గొడవ, ఆయనా ఒక అవతారమే" అన్నారు. మిగిలిన ముగ్గురూ ఏకకంఠంతో "కాదు" అన్నది ఆ ఒక్కసారే.

ఆయన ఎవరో చెప్పే పేరొకటి బావికి చెక్కుదామని రాయి తెప్పించారు. పేరు తేలలేదు. తేలేదాకా ఆ రాయితోనే బావి మూయాలని నలుగురూ తీర్మానించారు. అప్పటికే పేటలో గొడ్లు దాహంతో పడిపోతున్నాయి. ఎలీసమ్మ చేంతాడు నడుముకు చుట్టుకొని గట్టెక్కి కూర్చుంది.

"ఆయన చేతుల్లో గాయాలు చూశావా?" అన్నారు శౌరయ్యగారు.

"లేదయ్యా."

"పేరు చెప్పాడా?" అన్నారు సాహెబు.

"దాహమన్నాడు. దాహమన్నవాణ్ణి పేరడిగేదాన్నా, నీళ్ళు చూసేదాన్నా? రాయి వేస్తే నా మీద వెయ్యండి. నా యేసయ్య ఎవరో నాకు తెలుసు. మీకు ఎవరో మీకు తెలుసు. గొడ్లకేం తెలుసు?"

ఆమెను ముట్టుకొని దింపే ధైర్యం ఎవరికీ లేదు. ఎండ నడినెత్తికొచ్చింది. చివరికి దానియేలుగారే పెదవులు తడుపుకొని, "ఒక చెంబు నీళ్ళమ్మా" అన్నారు.

"మీ చేత్తో తోడుకోనివ్వను అయ్యగారూ. సాయిబుగారు తోడతారు. యేసయ్య నీకెవరని అడుగుతారు. మీరు చెప్పి తాగాలి. చెంబు ఖాళీ అయ్యేదాకా ఆయన ఎదురు చెప్పకూడదు."

"అంతసేపు నోరు మూసుకోవాలా? నీళ్ళు తోడటమే తేలిక!" అన్నారు సాహెబు, బొక్కెన వదులుతూ.

"నా పాపాల కోసం చచ్చి లేచినవాడు" అన్నారు దానియేలుగారు. సాహెబు ఎదురు మాట మింగి చెంబు నింపి ఇచ్చారు. తరువాత, "మరియం బిడ్డ, అల్లా పంపినవారు, మళ్ళీ వచ్చేవారు" అన్నారు సాహెబు. శౌరయ్యగారు పళ్ళు బిగించి తోడి పోశారు. తమ వంతు వచ్చినప్పుడు, "దేవుని కుమారుడు, మరియతల్లి ఒడిలోవాడు" అన్నారు. కరణంగారు వారికి తోడిపెట్టి, తమ అవతారం మాట మళ్ళీ చెప్పి, పాస్టరుగారి చేతి నీళ్ళు తాగారు.

చెంబులు ఖాళీ కాగానే తగవు మళ్ళీ మొదలైంది. ఈనాటికీ తెగలేదు. ఈ బావి వాళ్ళందరినీ ఒకటి చేసిందని ఎవరైనా రాస్తే నమ్మకండి. రాయి మాత్రం బావి మీదికెక్కలేదు. ఎలీసమ్మ దాన్ని గట్టు పక్కన పాతించింది. ఉలితో ఎవరైనా దగ్గరికొస్తే బతికినన్నాళ్ళూ తన గునపం చూపించేదట.

నేటికీ ఇక్కడ ఎవరూ తన నీళ్ళు తాను తోడుకోరు. ఇక్కడి చెంబెడు నీళ్ళు పోసి తవ్విన చోట జల తప్పదని రైతుల నమ్మకం. ఒంటరిగా వచ్చిన యాత్రికులు వేరే నమ్మకం గలవారు వచ్చేదాకా దాహంతో కూర్చోవలసిందే. విసుక్కోవద్దు, ఎవరో ఒకరు వస్తారు. వచ్చినవారి పేరు అడగకండి. చేంతాడు అందించండి.