తిన్నారా అని అడిగొచ్చినోడు

"స్వామీ, ఆకలి లేనోళ్ళ ఇంటికి బియ్యం మోసుకుపోయి ఏం లాభం?" అని అడిగాడు కోటిలింగం, సగం మూటలు బండిమీదే వెనక్కి తెచ్చి.

అడిగింది మఠం నడిపే సిద్దయ్యగారిని. ఆ మఠంలో గంజి గుండిగ ఉండేది చూడండి, అందులో గరిటె జారిపడితే ఈతొచ్చినోణ్ణి దింపి తీయించాల్సిందే. ఆ వాసనకి పక్క తాలూకా కాకులు పెళ్ళాంబిడ్డల్తో సహా వచ్చి వాలేవి. ఇక శిష్యుడు కోటిలింగం మూట భుజానికెత్తాడంటే ఎద్దులు సిగ్గుతో తల దించుకునేవి. బలం అంతుంది. బుర్ర సంగతికొస్తే మాత్రం ఎద్దులే కాస్త నయం.

ఆ ఏడు పదిహేను రోజులు వాన విడవలేదు. నేతగాళ్ళ వీధిలో మగ్గం గుంటల్లోకి నీళ్ళు ఊరాయి. గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసేవాళ్ళు, ఇంకేం నేస్తారు? అందుకే సిద్దయ్యగారు దాతల్ని అడిగి బియ్యం పంపారు. కోటిలింగం గడప గడపకీ పోయి, మర్యాదగా "తిన్నారా అమ్మా?" అని పలకరించాడు. నోరు తెరిచి లేదన్నోళ్ళకి ఇచ్చాడు. వీధి చివర నాగరత్తమ్మ, "ఇప్పుడే అయింది నాయనా. కాళ్ళు కడుక్కో, నువ్వూ ఇంత తినెళ్దువు" అంది. అరుగుమీద అన్నం కుండ తోమి బోర్లించి ఉంది. లోపల ముసలత్త దగ్గుతోంది. వీళ్ళకి జరుగుతోందిలే అనుకుని బండి తిప్పేశాడు.

ఇదంతా విని సిద్దయ్యగారు, "నువ్వు తిన్నావా?" అన్నారు.

పొద్దుట్నించీ మెతుకు లేదు. అయినా గురువుగారు అడిగితే లేదని ఎట్టా అంటాడు? "అయింది స్వామీ" అన్నాడు.

"వీడు తిన్నాడంట. గుండిగ కడిగెయ్యండి" అన్నారాయన వంటవాళ్ళతో.

సాయంత్రం మళ్ళీ అడిగారు. మళ్ళీ అయిందన్నాడు. కడుపులో మోత పక్క గదిలోకి వినపడుతోంది, అయినా సరే.

మర్నాడు పొద్దున సిద్దయ్యగారు పిలిచి, "నిన్న ఆ వీధిలో ఏమని అడిగావురా?" అన్నారు.

"తిన్నారా అని, స్వామీ."

ఆ మాట తన నోట్లోంచి తనకే వినపడింది. వెంటనే మూట ఎత్తుకుని బురదలో పరిగెత్తాడు.

నాగరత్తమ్మ ఇంటికి తాళం కూడా లేదు. పక్కింటావిడ వాకిలి ఊడుస్తూ చెప్పింది. "ఈ వానల్లో ఎండుకట్టెకి గిరాకీ కదా. మగ్గం ఊడదీసి హోటలోడికి పొయ్యిలోకి ఇచ్చేశారయ్యా. తెల్లారగానే ముసలమ్మని ఎత్తుకుని పట్నం పోయారు. ఏదన్నా కూలి దొరక్కపోద్దా అని."

లోపల మగ్గం గుంట ఒక్కటే మిగిలుంది, నిండా నీళ్ళతో. అరుగుమీద కుండ అట్టాగే బోర్లించి ఉంది. కోటిలింగం దాన్ని ఎత్తి చూశాడు. ఎందుకు చూశాడో వాడికే తెలీదు.

మూటని పక్కింటావిడ గడపలో దించి, మధ్యాహ్నానికి మఠం చేరాడు. సిద్దయ్యగారు అరుగుమీదే ఉన్నారు.

"తిన్నావా?"

"లేదు స్వామీ. నిన్నట్నించీ లేదు."

ఆయన లేచి వెళ్ళి, తన చేత్తోనే గంజి పోసి తెచ్చి ముందు పెట్టారు. వాడు తల ఎత్తకుండా తాగుతుంటే అన్నారు.

"నీకే, సొంతింట్లో, ఆ మాట నోటికి రావడానికి రెండ్రోజులు పట్టింది."