మద్దిచెట్టు తెల్లబడిన రోజు

ఒకప్పుడు మద్దిచెట్లన్నీ నల్లగానే ఉండేవి. కొండమీదివీ నలుపే, ఏటిగట్టువీ నలుపే. బెరడు మొసలి వీపులా గరుకుగా, పగుళ్ళు పగుళ్ళుగా ఉండేది. మబ్బు కమ్మిందంటే పక్కనే ఉన్న చెట్టు కూడా కనపడేది కాదు.

ఆ రోజుల్లో ఒక నదికీ ఒక కాలువకీ మధ్య ఇలాంటి మద్దిచెట్ల అడవి ఉండేది. అడవి చుట్టూ ఒక కాలిబాట. ఊరి దగ్గర మొదలై, కాలువగట్టు వెంట లాకుల దాకా పోయేది. లాకులంటే కాలువ నీళ్ళని ఆపి వదిలే పెద్ద తలుపులు. అక్కడ వంపు తిరిగి, నది పక్కనుంచి మళ్ళీ ఊళ్ళోకే వచ్చేది.

జనం కాలువ వైపే నడిచేవాళ్ళు. నది వైపు ఎవరూ పోయేవాళ్ళు కాదు. అక్కడ ఊబి ఉంది.

ఊబి పైకి తడి ఇసకలాగే ఉంటుంది. కాలు పెడితే మాత్రం వదలదు. ఈ ఊబికి నోరు కూడా ఉండేది. మనుషులు అనుకునే మాటలు వినేది. ఆ మాటలనే, వాళ్ళకి కావలసినవాళ్ళ గొంతుతో, తిరిగి పలికేది. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్ళెవరూ తిరిగి రాలేదు.

గాజులమ్మే దాసప్ప ఒకసారి అటు వెళ్ళాడు. మర్నాడు ఇసకమీద అతను భుజాన వేసుకునే గాజుల మలారం దొరికింది. దాసప్ప దొరకలేదు.

చెట్లకి అంతా తెలుసు. కానీ నోరెత్తేవి కావు.

"ఒక్క మాట మాట్లాడారా, మీ వేళ్ళు వదులు చేసి నదిలోకి తోసేస్తాను," అని ఊబి వాటిని బెదిరించింది. గట్టున ఉన్న చెట్ల వేళ్ళన్నీ దాని గుప్పిట్లోనే ఉన్నాయి మరి. అందుకని దాసప్ప అరుస్తున్నా, చెట్లు ఆకులు కూడా కదపకుండా నిలబడ్డాయి.

ఊరి చివర అప్పన్న ఇల్లు. అప్పన్నది లాకుల దగ్గర తలుపులెత్తే పని. ఆయనకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది పైడి, పన్నెండేళ్ళది. చిన్నది చిట్టి, అయిదేళ్ళది.

ఒక శ్రావణమాసం మధ్యాహ్నం వాళ్ళమ్మకి నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని కన్నమ్మ లోపల్నించి బయటికి వచ్చింది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పైడీ, బిడ్డ అడ్డం తిరిగిందే. నా ఒక్కదాని వల్ల కాదు. మీ నాన్నని తీసుకురా. పడవలో పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. చెల్లినీ వెంట తీసుకుపో, ఇక్కడుంటే బెదిరిపోతుంది."

పైడి చెల్లి చెయ్యి పట్టుకుని పరుగెత్తింది. కాలువగట్టు మీద కొంత దూరం పోగానే ఆగిపోయింది. గాలికి తుమ్మచెట్టు ఒకటి దారికి అడ్డంగా కూలి ఉంది. దారినిండా ముళ్ళకొమ్మలు. ఒక పక్క నిండు కాలువ, ఇంకో పక్క లోతు గుంట.

వెనక్కి తిరిగితే అమ్మ. ముందుకి పోతే ముళ్ళు. ఇక మిగిలింది నది వైపు బాట.

"అక్కా, అటు వెళ్ళకూడదంది అమ్మ," అంది చిట్టి.

"ఇవాళ వెళ్ళాలి," అంది పైడి.

కాస్త వెనక్కొచ్చి, ఆ బాట అందుకోవడానికి అడవిలోకి అడుగుపెట్టారో లేదో, మబ్బు దిగింది. పట్టపగలే చీకటి పడినట్టయింది. నల్లటి చెట్లు ఆ చీకట్లో కలిసిపోయాయి. ఒక పుట్ట దగ్గర పశువులు నడిచిన దారులు నాలుగు వైపులా చీలిపోయాయి. పైడి ఒక దారి పట్టుకుంది. చాలాసేపు నడిచారు. తీరా చూస్తే మళ్ళీ అదే పుట్ట. తడి మట్టిలో రెండు జతల చిన్న పాదాల గుర్తులు. అవి వాళ్ళవే. వాటిలో అప్పుడే నీళ్ళు ఊరుతున్నాయి.

చిట్టి ఏడుపు మొదలెట్టింది.

"ఇటు రా చిట్టీ. భయం లేదు. ఇంకాస్త దూరమే," అంది పైడి. ఆ మాట అంటుంటే తన పళ్ళే టకటక కొట్టుకుంటున్నాయి.

కిందనుంచి నది పలికింది. "పిల్లలూ, తొందరగా పోండి. పైన వానలు పడుతున్నాయి. నేను గట్టెక్కేస్తాను. ఆగుదామన్నా నావల్ల కాదు."

"ఎటు పోవాలి?" అని అడిగింది పైడి.

"నాకు పల్లానికి పోవడం తప్ప ఇంకేం తెలీదమ్మా," అంది నది.

పైడి గొంతెత్తి అరిచింది. "నాన్నా! అమ్మకి నొప్పులొస్తున్నాయి!"

తరవాత చీకట్లోంచి నాన్న గొంతు వినపడింది. అచ్చం నాన్న గొంతే.

"చిట్టీ... ఇటు రా..."

"నాన్నొచ్చాడు!" అని చిట్టి చెయ్యి విడిపించుకుని పరుగెత్తింది. పైడి వెంటపడింది.

"భయం లేదు... ఇంకాస్త దూరమే..." అంది నాన్న గొంతు.

పైడి కాళ్ళు ఠక్కున ఆగాయి. అవి తన మాటలు. ఇందాక తను అన్న మాటలు. నాన్నయితే అమ్మ సంగతి విని అక్కడే నిలబడి పిలుస్తాడా? పరుగెత్తుకు రాడూ?

"నాన్నా," అని పిలిచింది పైడి. "అమ్మ పేరేంటి?"

బుడుక్కుమని ఎక్కడో ఒక బుడగ పగిలింది.

"అమ్మ పేరేంటి..." అంది నాన్న గొంతు. "అమ్మ పేరేంటి... అమ్మ పేరేంటి... ఇటు రా..."

"చిట్టీ, ఆగు!"

అప్పటికే చిట్టి మోకాళ్ళదాకా దిగిపోయింది. కెవ్వుమని అరిచింది. పైడి బోర్లా పడుకుని, ఒక చెట్టు వేరుకి కాలు మెలేసి, చెల్లి రెండు చేతులూ పట్టుకుని లాగింది. ఊబి వదల్లేదు. మళ్ళీ లాగింది. చప్పుమని శబ్దం చేస్తూ ఒక కాలు వచ్చింది. తరవాత రెండోది.

ఇద్దరూ ఆ చెట్టుని కావలించుకున్నారు. ఒళ్ళంతా బురద. ఊబి ఇప్పుడు తన సొంత గొంతుతో మాట్లాడింది. అది నూతిలోంచి వచ్చినట్టుంది.

"ఎక్కడికి పోతారు? మీ చుట్టూ నేనే. నది పెరిగేకొద్దీ నేనూ పెరుగుతాను. ఒక్క అడుగు వెయ్యండి, చూస్తాను."

పైడి ఏ వైపూ కదలలేకపోయింది. ఎక్కడ నేల గట్టిదో, ఎక్కడ కాదో తెలీదు. చెట్టు మొదలుకి మొహం ఆనించి ఏడ్చింది.

"చెట్టూ, మా అమ్మకి ప్రాణం మీదికొచ్చింది. ఏదో ఒకటి చెప్పు."

చెట్టు వణికింది. దానికీ భయమే. దాసప్ప అరుపులు అది మర్చిపోలేదు. ఆ అరుపులు ఆగిన తరవాత ఎంత నిశ్శబ్దంగా ఉందో కూడా మర్చిపోలేదు. మాట్లాడితే ఊబి వేళ్ళు వదులు చేస్తుంది. మాట్లాడకపోతే ఈ పిల్లలు...

చెట్టు మాట్లాడలేదు. పర్రుమని చప్పుడయింది.

పైడి ఉలిక్కిపడి వెనక్కి వాలింది. చెట్టు తన బెరడు తనే ఒలుచుకుంటోంది! నల్లటి పెచ్చులు కిందపడుతున్నాయి. లోపల ముందు ఎర్రగా, పచ్చిపుండులా ఉంది. దానిమీద పాలలాంటి రసం ఊరి, ఆరి, తెల్లబడింది. ఆ చీకట్లో చెట్టు మొదలు తెల్లగా నిలబడింది.

"నోరెత్తొద్దన్నానా!" అని ఊబి గర్జించింది.

చెట్టు నోరెత్తలేదుగా! ఊబికి ఏం చెయ్యాలో తోచలేదు. కోపంతో వేళ్ళ కింద ఇసక లాగేసింది. చెట్టు నదివైపు ఒరిగింది. ఇంకాస్త ఒరిగితే పడిపోయేదే. పక్కనున్న చెట్టు మట్టికింద తన వేళ్ళు చాచి దాని వేళ్ళని పట్టేసుకుంది. పట్టుకుని, అదీ పర్రుమని ఒలుచుకుంది. దాని పక్కది. దాని పక్కది. పర్రు, పర్రు, పర్రు. అడవంతా అదే చప్పుడు.

చీకట్లో తెల్లటి మొదళ్ళు వరసగా కనబడ్డాయి. ఆ వరస లాకుల వైపు వంపు తిరిగింది.

"అక్కా, వాటికి నొప్పిగా ఉందా?" అంది చిట్టి.

పైడి చెల్లిని వీపున వేసుకుంది. చెట్టున్నచోట వేళ్ళుంటాయి, వేళ్ళున్నచోట నేల గట్టిగా ఉంటుంది. ఒక తెల్లచెట్టు నుంచి ఇంకో తెల్లచెట్టుకి, వేళ్ళమీదే అడుగులు వేస్తూ నడిచింది. వెనకనుంచి ఊబి ఒకసారి అమ్మ గొంతుతో పిలిచింది, ఒకసారి చిట్టి గొంతుతో పిలిచింది. చిట్టి వీపుమీదే ఉంది. పైడి వెనక్కి చూడలేదు.

లాకుల దగ్గర అప్పన్న తలుపు చక్రం తిప్పుతున్నాడు. బురదలో ముంచి తీసినట్టున్న ఇద్దరు పిల్లల్ని చూసి చక్రం వదిలేశాడు.

"ఎటునుంచి వచ్చారే?"

"నాన్నా, మా అమ్మ పేరేంటి?" అని అడిగింది పైడి, దూరంగానే నిలబడి.

"సన్నెమ్మ. అదేం ప్రశ్నే?"

అప్పుడు పైడి నాన్న మీద పడి, ఒక్క బిగిన అంతా చెప్పింది.

అప్పన్న పిల్లలిద్దర్నీ లాకుల దగ్గర కట్టి ఉన్న పడవలోకి ఎక్కించి, కాలువలో గడ వేసుకుంటూ ఊరికి పోయాడు. అదే పడవలో సన్నెమ్మని పడుకోబెట్టి, కన్నమ్మని తోడు కూర్చోబెట్టి, పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. దీపాల వేళకి బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. సన్నెమ్మ బతికింది. మూడు రోజులు లేవలేకపోయింది కానీ, బతికింది.

నది ఆ రాత్రే గట్టెక్కి, వారం తరవాత దిగింది. అంత వరదలోనూ ఏటిగట్టు మద్దిచెట్టు ఒక్కటీ పడలేదు. వేళ్ళన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. ఇక ఊబికి నోరు పడిపోయింది. బెదిరించినా భయపడేవాళ్ళు లేకపోతే అది ఏం మాట్లాడుతుంది?

కొండమీది మద్దిచెట్లకి ఈ గొడవేమీ తెలీదు. అవి నల్లగానే ఉండిపోయాయి. వాటిని నల్లమద్ది అంటారు.

ఏటిగట్టువి మాత్రం అప్పటినుంచే తెల్లమద్దులయ్యాయి. ఇప్పటికీ వాటి బెరడు పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది, కొంచెం గీకి చూస్తే లోపల ఎర్రగా ఉంటుంది. ఒరిగినా పడకుండా, వేళ్ళతో గట్టుని పట్టుకుని, మబ్బుపట్టిన పూట తోవ వెతుక్కునేవాళ్ళకి అల్లంత దూరంనుంచే తెల్లగా కనబడతాయి.